యురేనియపు నీరు - క్రిముల సాయము

యురేనియమును తిని హరించు సూక్ష్మక్రిములు కనుగొనబడినవనియు, ఇక గనుల కీడునకు వెఱవ బనిలేదనియు చెప్పువారు కొందఱు కలరు. ఇందు సత్యము కొంత కలదు. భ్రమ అంతకంటె హెచ్చుగా నున్నది. యురేనియమును ఏ క్రిమియు నశింపజేయజాలదు. అది తనంతట సగము తరుగుటకే దాదాపు 450 కోట్ల సంవత్సరములు పట్టును.

మఱి క్రిములు చేయునదేమి? బెల్లమువలె నీటిలో కరగియున్న యురేనియమును ఇసుకవలె కరగని రూపమునకు మార్చును. మనము ప్రాణవాయువును వాడుకొనునట్లు, జియోబాక్టరు అను క్రిములు ఇనుపత్రుప్పును వాడుకొని బ్రదుకును; యురేనియమునకు సైతము ఎలక్ట్రానుల నొసగి దానిని మట్టిలో నిలిపివేయును. ఈ సంగతిని డెరెక్ లవ్లీ మొదలగువారు 1991లో ప్రకటించిరి.

అమెరికాలో కొలరాడో నదియొడ్డున రైఫిల్ అను పట్టణము కలదు. అచ్చట 1958లో మూతపడిన పాతమిల్లుయొక్క వ్యర్థపుగుట్టలను ఎత్తివేసిన పిమ్మటను భూగర్భజలము దూషితమైయే యుండెను. 2002లో శాస్త్రజ్ఞులు, వెనిగరునకు చుట్టమగు ఎసిటేటు అను లవణమును గొట్టములద్వారా భూమిలోనికి దింపిరి. క్రొత్త క్రిములను తేలేదు. ఆ మట్టిలోని వానికే మేత పెట్టిరి. 50 దినములలో కొన్ని పరీక్షబావులందు యురేనియము నిర్ణీతప్రమాణమునకు లోబడెను. కాని దగ్గఱనున్న ఇనుము తరిగినంతనే, గంధకలవణములపై బ్రదుకు వేఱు క్రిములు ప్రబలి ఆ మేతను తామే ఆరగించినవి. యురేనియము మరల హెచ్చెను! అంతియ కాదు. నిలిచిన యురేనియముకూడ ప్రాణవాయువు సోకినను, పొలముల యెరువులనుండి దిగు నైట్రేటు తగిలినను తిరిగి కరగగలదు.

మేము ఈ ప్రయత్నమును చులకన చేయుటలేదు. అయినను కడపజిల్లా తుమ్మలపల్లెకు దీనిని యథాతథముగ అన్వయింపరాదు. అచ్చటి ఖనిజము సున్నపురాతిజాతి శిలలో నున్నది. 2012లో ఆరంభమైన మిల్లులో క్షారపద్ధతిచే దానిని తీయుదురు. కాల్షియమును కార్బొనేటును కూడినచోట యురేనియము వానితో పెనవైచికొని కరగియే యుండును. క్రిములు దానిని మార్చుట మిక్కిలి మందగించును. వ్యర్థజలపు చెరువువలన తమ బోరునీరు చెడి అరటితోటలు దెబ్బతిన్నవని చుట్టుప్రక్కల రైతులు 2018 ప్రాంతమున మొఱపెట్టుకొనిరి. సంస్థవారు దాని నంగీకరింపలేదు.

ఆ చెరువు అడుగున పఱచిన పొర యెట్టిది, గని రాకముందు ప్రతి బావిలోను యురేనియ మెంత, తరువాత నెంత? ఈ లెక్క ముందు గ్రామస్థుల చేతికి రావలెను. క్రిములకు మేత వేయు యోచన ఆ తరువాతిది.