మీకు తెలుసా? టవర్ అదే, పేరే మారింది!

ప్రపంచంలో తొలి వాణిజ్య 4జీ నెట్‌వర్క్ 2009 డిసెంబరు 14న స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో మొదలైంది. నడిపింది టెలియాసొనెరా. తమాషా ఏమిటంటే, దాన్ని అందుకునే ఫోన్ అప్పటికి మార్కెట్లో లేదు. ల్యాప్‌టాప్‌కు గుచ్చే డాంగిలే దిక్కు!

లెక్క ప్రకారం అది అసలు 4జీయే కాదు. ప్రయాణంలో సెకనుకు 100 మెగాబిట్లు, కదలకుండా ఉంటే 1 గిగాబిట్ వేగం అందుకోవాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పెట్టిన లక్ష్యం. ఆ నెట్‌వర్క్ వాడిన ఎల్‌టీఈ అనే టెక్నాలజీ అప్పటికి ఆ గీత దాటలేదు. కంపెనీలు ఆగుతాయా? ప్రకటనల్లో 4జీ అని దంచేశాయి. చివరికి యూనియనే దిగొచ్చింది. ఎల్‌టీఈ, దాని పోటీ టెక్నాలజీ వైమాక్స్‌లనే కాదు, బాగా మెరుగుపడ్డ 3జీనీ 4జీ అనొచ్చని 2010 డిసెంబరులో ఒప్పుకుంది. 2012 మార్చిలో అమెరికాలో టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ వారి ఐఫోన్ 4ఎస్‌లకు ఒక అప్‌డేట్ వచ్చింది. తెల్లారేసరికి తెరపై 3జీ బదులు 4జీ అని కనబడింది. టవరూ అదే, ఫోనూ అదే!

మన దేశంలో తొలి 4జీ ఎయిర్‌టెల్‌ది, 2012 ఏప్రిల్‌లో, కోల్‌కతాలో. ఎల్‌టీఈ డేటా కోసం పుట్టింది, పాత పద్ధతి కాల్స్‌కు అందులో దారి లేదు. అందుకే చాలా ఫోన్లలో కాల్ రాగానే 4జీ గుర్తు మాయమై, మాట్లాడినంతసేపూ 3జీయో 2జీయో కనిపించేది. మాటనూ డేటాగా పంపే వోల్టీ ఆ తిప్పలు తప్పించింది. 2జీ, 3జీ లేని జియోకు అదొక్కటే దారి. 2016 సెప్టెంబరు 5న ఉచితంగా మొదలైన ఆ సేవకు 170 రోజుల్లో 10 కోట్ల మంది చేరారు.