మీ వివరాలు చూసేదెవరు?

రసీదు రాయించుకునేటప్పుడు దాత తన పేరు, ఫోను, పాన్ నంబరు ఇస్తారు. సాయం కోరి వచ్చిన కుటుంబం ఆదాయం, బ్యాంకు ఖాతా, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో కూడా రాసిస్తుంది. ఒకప్పుడు ఇవి బీరువాలోని రిజిస్టర్లలో ఉండేవి. తాళంచెవి ఎవరి జేబులో ఉందో అందరికీ తెలిసేది. ఇప్పుడు ఇలాంటివి క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలోని డేటాబేస్‌లో ఉంటున్నాయి. మరి అక్కడి తాళంచెవి మాట?

మేము పనిచేసిన ఒక బడిలో కంప్యూటర్ పాస్‌వర్డ్ గోడ క్యాలెండర్ వెనక రాసి ఉండేది. నవ్వుకుంటాం గానీ, డేటాబేస్‌కు ఒకే పాస్‌వర్డ్ పెట్టి నలుగురికీ చెప్పడం కూడా అంతే. గుమాస్తా ఉద్యోగం మానేసినా పాస్‌వర్డ్ ఆయనతోనే వెళ్తుంది. అందరికీ మళ్లీ చెప్పాలి కదా అని ఎవరూ దాన్ని మార్చరు. జాబితాలో ఒక పేరు తారుమారైతే ఎవరు చేశారో తేల్చలేం.

దీనికి విరుగుడు కేంద్ర డైరెక్టరీ. మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడ్‌లో ఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉందనుకోండి. లోపలికి వచ్చేవారిని గుర్తుపట్టే పని ఎంట్రా ఐడీ అనే డైరెక్టరీకి అప్పగించవచ్చు. 2023 వరకు దీని పేరు అజూర్ యాక్టివ్ డైరెక్టరీ. ఇది సంస్థ మనుషుల పట్టిక, మా హాజరుపట్టీ లాంటిదే. ఉద్యోగి తన సొంత పేరుతో అక్కడ లాగిన్ అవుతారు. ఫోనులో రెండో తనిఖీ కూడా పెట్టవచ్చు. అంతా సరిపోతే డైరెక్టరీ తన డిజిటల్ సంతకంతో ఒక టోకెన్ ఇస్తుంది. డేటాబేస్ ఆ సంతకం సరిచూసి తలుపు తీస్తుంది. పాస్‌వర్డ్ డేటాబేస్ దాకా రానే రాదు. ఉద్యోగి మానేసిన రోజున డైరెక్టరీలో ఒక్క పేరు ఆపితే చాలు, దానికి అప్పగించిన తలుపులన్నీ ఆయనకు మూసుకుంటాయి. అదే క్షణంలో కాదు సుమా. అప్పటికే తీసుకున్న టోకెన్ గడువు, మామూలుగా గంటా గంటన్నర, తీరాలి.

అయితే డైరెక్టరీ చెప్పేది 'ఈయన ఫలానా' అని మాత్రమే. ఆయన ఏ పట్టిక చూడవచ్చో, ఏది దిద్దవచ్చో డేటాబేస్‌లో విడిగా రాయాలి. మనిషి మనిషికీ రాయకుండా 'లెక్కలు', 'స్కాలర్‌షిప్పులు' అని గ్రూపులు చేసి, గ్రూపుకే అనుమతి ఇవ్వడం మేలు. స్కాలర్‌షిప్పులు చూసేవారికి దాతల పాన్ నంబర్లతో పనేమిటి?

ఎక్కువమంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. డైరెక్టరీ పెట్టినంత మాత్రాన పాత పాస్‌వర్డ్ తలుపు దానంతట అది మూతపడదు. అజూర్‌లో 'ఎంట్రా మాత్రమే' అనే ఏర్పాటును విడిగా ఆన్ చేయాలి. లేకుంటే ముందు గుమ్మానికి కొత్త తాళం, పెరటి తలుపు బార్లా. మీరు విరాళమిచ్చే ఏ సంస్థ అయినా మా లెక్కలు క్లౌడ్‌లో భద్రం అని చెబితే, ఆ పెరటి తలుపు మూశారా అని అడగండి. కిందటేడు మానేసినవారి పేర్లు పట్టికలో ఇంకా ఉన్నాయేమో కూడా అడగండి.