నాన్నగారి స్కూటరుకు యాభై ఏళ్ళు నిండితే...

చారిత్రక వాహనం అనగానే మన కళ్ళ ముందు మెదిలేది హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలోని నిజాం ప్రభువుల రోల్స్ రాయిస్. అటువంటి వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉన్నదంటే అది శ్రీమంతుల వ్యవహారమని ఊరుకుంటాము. కాని కాలం మన క్వార్టర్ల ముంగిట కూడా వచ్చి నిలిచింది. 1972లో విపణిలోకి వచ్చిన బజాజ్ చేతక్ తొలి బండ్లకు, 1974లో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకున్న ఫియట్ తొలి కార్లకు యాభై ఏళ్ళు నిండాయి. మన సోదర ప్రభుత్వ రంగ సంస్థ స్కూటర్స్ ఇండియా 1975లో లక్నోలో ఉత్పత్తి ప్రారంభించిన విజయ్ సూపర్ కూడా ఆ వరుసలో చేరింది. 2021లో ఆ సంస్థ మూసివేతకు నిర్ణయం జరిగింది గనుక, ఇక మిగిలినది మన ఇళ్ళలోని బండ్లే.

గతౌరా పరిసరాలలో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ విషయం మరింత దగ్గరది. కోర్బా-విశాఖపట్నం రైలు ఈ స్టేషను మీదుగానే సాగుతుంది. బదిలీ అయినప్పుడు స్కూటరును గోనెసంచులతో చుట్టి రైలు పార్సిల్‌లో పంపించుకోవడం మనవారికి కొత్త కాదు. ఆ బండ్లలో కొన్ని నేడు మెట్ల క్రింద దుమ్ము పట్టి ఉన్నాయి. నడిపిన పెద్దాయన లేరు. ఆదివారం వీధిలో కబాడీవాలా కేక వినిపించినప్పుడల్లా ఇంట్లో అదే చర్చ: ఇచ్చివేద్దామా, ఉంచుకుందామా?

ఉంచుకోదలచినవారికి చట్టంలో ఒక మార్గం గలదు.

నియమాలు ఏమంటున్నాయి?

కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2021 జూలైలో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు 'వింటేజ్' వాహనాలుగా నమోదుకు అర్హములు. అయితే బండి మూలరూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండరాదు.

దరఖాస్తును ఫారం 20లో, పరివాహన్ పోర్టల్ ద్వారా చేసుకోవాలి. బీమా పత్రం, రుసుము, పాత ఆర్.సి. జతపరచాలి. దిగుమతి వాహనమైతే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ కూడా అవసరం. అర్హత ఉన్నదని తేలితే అరవై రోజులలో ఫారం 23ఎలో ధ్రువపత్రం ఇస్తారు. కొత్తగా నమోదయ్యే బండికి రాష్ట్రాక్షరాల తరువాత 'వి.ఎ.' అన్న గుర్తు వస్తుంది. ఇదివరకే నమోదైన బండి తన పాత నంబరునే నిలుపుకొనవచ్చును. 1989 జూలైలో కొత్త చట్టం అమలుకాక ముందరి మూడక్షరాల నంబరు ఉన్నవారికి ఇది ఎంత ప్రియమైన వెసులుబాటో చెప్పనక్కరలేదు.

రుసుము రూ. 20,000, గడువు పదేళ్ళు. తరువాతి నమోదుకు రూ. 5,000, గడువు ఐదేళ్ళు.

ఒక్క షరతు మరువరాదు

ఈ విధంగా నమోదైన బండిని నిత్యావసరాలకు గాని, వ్యాపారానికి గాని నడపరాదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కవచ్చును. కూరల సంచీ తగిలించుకుని బజారుకు వెళ్ళడానికి అది పనికిరాదు. నాన్నగారి బండిపై రోజూ డ్యూటీకి వెళ్ళాలన్నదే మీ కోరిక అయితే, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకొకసారి చేయించే మామూలు పునరుద్ధరణే తగినది. ఇరవై ఏళ్ళు దాటిన ద్విచక్ర వాహనానికి 2025 ఆగస్టు ప్రకటన ప్రకారం దాని రుసుము రూ. 2,000, కారుకు రూ. 10,000. రాష్ట్రం విధించే పన్నులు వేరు.

ముందుగా పేరు మార్పిడి

మాకు తెలిసినంతలో చాలా ఇళ్ళలో చిక్కు యాభై ఏళ్ళ వయసు దగ్గర కాదు, ఆర్.సి.లోని పేరు దగ్గర వస్తుంది. యజమాని మరణిస్తే ముప్పై రోజులలో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి, మూడు నెలలలో ఫారం 31 ద్వారా వారసుల పేరిట మార్పించుకొనవలెను. దుఃఖంలో ఉన్న ఇంట ఇది ఎవరికీ తోచదు, ఏళ్ళు గడిచిపోతాయి. బండి వేరే రాష్ట్రంలో నమోదై పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉన్నచో కొత్త నంబరు, నిరభ్యంతర పత్రం అన్న ప్రశ్నలు కూడా ఎదురవుతాయి. కనుక పాత నంబరు నిలవాలనుకునేవారు దరఖాస్తుకు ముందే రెండు కార్యాలయాలలోనూ విచారించుకోవడం క్షేమం.

క్లబ్బుల సాయం

బ్రిటన్‌లో పాత బండి తన తొలి నంబరును తిరిగి పొందాలంటే 'వి765' అనే ఫారంపై గుర్తింపు పొందిన వాహన క్లబ్బు ధ్రువీకరణ కావాలి. మన నియమాలు కోరే పత్రాలలో క్లబ్బు ధ్రువీకరణ లేదు. అయినను క్లబ్బుల విలువ తక్కువ కాదు. ఏ ఏటి నమూనాకు ఏ దీపం, ఏ కార్బురేటరు, ఛాసిస్ నంబరు ఎక్కడ చెక్కి ఉంటుంది అన్నది అక్కడి అనుభవజ్ఞులకే తెలుసు. ఈ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య 'ఫీవా' 1966లో ఏర్పడింది. దాని దృష్టిలో ముప్పై ఏళ్ళు నిండి, సరియైన రూపంలో పరిరక్షింపబడి, నిత్య ప్రయాణానికి వాడనిదే చారిత్రక వాహనం.

సోదర ఉద్యోగులకు మా మనవి ఒక్కటే. కబాడీవాలాకు బదులు చెప్పే ముందు ఒక గంట కేటాయించండి. ట్రంకు పెట్టె వెదికి ఆర్.సి. పుస్తకం, పాత పన్ను రసీదులు, బీమా కాగితాలు ఒకచోట చేర్చండి. ఛాసిస్, ఇంజను నంబర్లపై కాగితం పరచి పెన్సిలుతో ముద్ర తీసి ఉంచండి. మెకానిక్ చేత ఇంజను మార్పించకండి. నంబర్లపై రంగు పూయించకండి. తరువాత ఇంటివారందరూ కూర్చుని నిర్ణయించుకోండి. అమ్మివేసినా తప్పులేదు. కాని కాగితం పోయిన బండి చరిత్ర చెప్పుకోలేదు. ఇనుము తూకానికే పోతుంది. కాగితం నిలిచిన బండిని, నాన్నగారు పిల్లలను ముందు నిలబెట్టుకుని నడిపిన ఆ బండిని, మనుమలు అదే నంబరుతో చూడగలుగుతారు.