కరెంటు తిరుగు ప్రయాణం

మామిడికాయల రోజుల్లో మా బావమరిది ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు. నూజివీడు తోటల్లో సాయంత్రం కోసిన కాయ తెల్లవారేసరికి నున్న మార్కెట్టులో ఉండాలి. ఆ కాయను మోసేది 1996 నాటి పాత డీజిలు పికప్పు వాను. ఇంటి ఖర్చూ, ఇద్దరు పిల్లల చదువూ దాని మీదనే. అలాంటి బండి కిందటి వేసవిలో మొరాయించటం మొదలుపెట్టింది.

సెల్ఫు కొడితే ‘టక్’మని ఊరుకునేది. నలుగురు చేరి తోస్తేగాని కదిలేది కాదు. బ్యాటరీ పోయిందన్నారు ఒకరు. కొత్తది వేయించాడు. పదిరోజులు బాగానే ఉంది, తరువాత మళ్ళీ అదే వరస. ఆల్టర్నేటరు అన్నారు మరొకరు. అదీ మార్పించాడు. సెల్ఫు మోటారు విప్పించి బ్రష్షులు కొత్తవి వేయించాడు. మొత్తం 14,000 రూపాయలు వదిలాయి. అందులో సగం చెల్లెమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చినవి.

ఒక రాత్రి, ఆగిరిపల్లి దాటాక, దీపాలు మిణుగురుల్లా సన్నగిల్లిపోయాయట. పాతకాలపు డీజిలు ఇంజను కనుక అది ఆగలేదు. దారే కనబడటం మానేసింది. రోడ్డువార దీపం లేకుండా నిలబెట్టిన ట్రాక్టరు తొట్టి బారెడు దూరానికి వచ్చేదాకా తెలియలేదు. బ్రేకు పడబట్టి మనిషి దక్కాడు.

“ఇక అమ్మేస్తాను బావా” అన్నాడు మర్నాడు, మొహం వేలాడేసుకుని.

హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఓమ్ సూత్రం చెప్పినవాణ్ణి. నా చదువేమన్నా అక్కరకొస్తుందేమోనని బయలుదేరి, బండితోపాటు విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ ఎలక్ట్రికల్ పని చేసే ముసలి మేస్త్రీ ఒకాయన బానెట్టు ఎత్తకుండానే, “క్లచ్చి తీగె వేడెక్కుతోందా అబ్బాయీ?” అని అడిగాడు. దీపాల జబ్బుకి క్లచ్చి తీగెకీ ఏమిటి సంబంధం? నాకు నవ్వొచ్చింది. సెల్ఫు రెండుమార్లు కొట్టించి, “పట్టుకు చూడండి మాస్టారూ” అన్నాడు. వేలు చుర్రుమంది. నవ్వు ఆగిపోయింది.

సంగతేమిటంటే, మన ఇంట్లో దీపానికి రెండు తీగెలుంటాయి. బండిలో చాలా వాటికి ఒకటే ఉంటుంది. రెండో తీగె పని బండి ఒళ్ళే చేస్తుంది. బ్యాటరీ ప్లస్సు నుంచి తీగె వెంట వెళ్ళిన కరెంటు ఇనుప చట్రం మీదుగా మైనస్సుకు తిరిగి రావాలి. మేస్త్రీలు దీన్నే ‘ఎర్తు’ అంటారు. భూమితో దీనికేమీ పొత్తు లేదు. (ఒకప్పటి ఇంగ్లీషు బళ్ళలో చాలావాటికి ప్లస్సునే చట్రానికి కలిపేవారు. మరీ పాత బండి కొన్నవారు బ్యాటరీ బిగించేముందు ఇది చూసుకోవాలి.)

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు గదా! అందుకని ఇంజనుకీ చట్రానికీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. మా బండిలో ఆ పట్టీ బురదలో నాని, పచ్చగా చిలుమెక్కి, సగం పోగులు తెగి ఉంది. సెల్ఫు మోటారు లాగే కరెంటు 200 ఆంపియర్ల పైమాటే. అంత ప్రవాహానికి 1/50 ఓము అడ్డం పడితే చాలు, 4 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. పన్నెండులో నాలుగు పోతే సెల్ఫు ఏం తిరుగుతుంది? దారి మూసుకుపోయిన కరెంటు దొరికిన సందు పట్టుకుంది, అదే క్లచ్చి తీగె. ఆల్టర్నేటరు కూడా ఇంజనుకే బిగించి ఉంటుంది కనుక అది పుట్టించేదీ బ్యాటరీకి సరిగా చేరటంలేదు. ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా నిండేది కాదన్నమాట! ఆ రాత్రి దీపాలు ఉన్న కాస్త ఛార్జీ తాగేసి మినుకుమన్నాయి.

మేస్త్రీ పరీక్ష చూడముచ్చటగా ఉంది. మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్సు మీద, రెండోది ఇంజను మీద రంగులేని చోట ఆనించి సెల్ఫు కొట్టమన్నాడు. అర వోల్టు దాటకూడదట, 3.5 చూపించింది. తరువాత మైనస్సు నుంచి ఇంజనుకు లావుపాటి జంపరు తీగె కలిపి మళ్ళీ కొట్టమన్నాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకుంది. ఇన్నేళ్ళు నేను బోర్డు మీద రాసినదంతా ఇదే; కాని నాకు తోచలేదు.

వెనక దీపాల సంగతీ ఇలాంటిదే. ఇండికేటరు వేస్తే దాంతోపాటు పక్క దీపం కూడా కొట్టుకుంటోందంటే అక్కడి ఎర్తు తుప్పుపట్టిందేమో ముందు చూడాలి. బల్బులు మార్చి లాభంలేదు.

ఇంట్లో బండి ఉన్నవారు టెర్మినళ్ళ మీద తెల్లటి పూత కనిపిస్తే వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక బిగించి, వాజలీను రాయవచ్చు. ఆ నీళ్ళు బ్యాటరీ లోపల పడకూడదు సుమా. విప్పేటప్పుడు మైనస్సు ముందు విప్పాలి. ప్లస్సు ముందు పట్టుకుంటే పానా కొన చట్రానికి తగిలి మెరుపు లేస్తుంది. చేతి ఉంగరం తీసెయ్యాలి. బీడీ, చుట్ట దగ్గరకు రానీయకూడదు, బ్యాటరీ నుంచి అంటుకునే వాయువు వస్తుంది. ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టే ఘనులున్నారు. వారికి ఫ్యూజు బదులు తీగెలే కాలతాయి.

పట్టీ ఖరీదు 250 రూపాయలు. అది బిగించే రెండుచోట్లా గరుకు కాగితంతో లోహం తళతళలాడేదాకా రుద్దించాడు మేస్త్రీ. కూలి అడిగితే, “కాయ పండాక ఓ బుట్ట పంపించండి” అన్నాడు.

గాజులు శ్రావణమాసానికి ఇంటికి చేరాయి. విప్పేసిన పాత ఆల్టర్నేటరు మాత్రం మా బావమరిది సావిట్లో ఓ మూల ఇంకా ఉంది. దానిలో లోపమేమీ లేదట. పారేద్దామంటే చెల్లెమ్మ ఒప్పుకోదు, “14,000లో అదీ ఒక భాగమేగా అన్నయ్యగారూ” అంటుంది.