ట్రాక్టరుపై ఎఱ్ఱదీపము: లోపము ఇంజనుదా, స్విచ్చిదా?

దమ్ము చేయుచుండగా ట్రాక్టరుపై నూనెడబ్బా బొమ్మ గల ఎఱ్ఱదీపము క్షణకాలము వెలిగి ఆరిపోవును. గట్టు దాటునప్పుడు మరల వెలుగును. ఇంజను శబ్దములో మార్పుండదు. పని సాగుచునే యుండును. ఇట్టి సమయమున కొందరు రైతులు దీపమును లెక్కచేయక మడి ముగించుచున్నారు. మరికొందరు బెదరి, పరీక్ష లేకయే ఇంజను విప్పించి వేలకొలది రూపాయలు వ్యయపఱచుచున్నారు. రెండును నష్టదాయకములే.

ముందుగా ఆ దీపము ఎట్లు వెలుగునో తెలిసికొనవలెను. ఇంజను ప్రక్కన ఆయిలు ప్రవహించు దారిలో బొటనవ్రేలంత స్విచ్చి యొకటి బిగింపబడి యుండును. దీనిని సెన్సారు అనియు వ్యవహరించుచున్నారు. దాని లోపల పలుచని పొర కలదు. ఆయిలు ఒత్తిడి ఆ పొరను నెట్టియున్నంతవఱకు విద్యుత్తునకు దారి తెగియుండును. పెక్కు ఇంజనులలో ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు అర కిలోకు తగ్గినంతనే దారి కలిసి దీపము వెలుగును. స్విచ్చికి పోవు తీగె పైతొడుగు అరిగి ఇంజను బాడీకి తగిలినను దీపము అట్లే వెలుగును. తాళము త్రిప్పినప్పుడు, ఇంజను కదలకముందు, ఈ దీపము వెలిగితీరవలెను. వెలుగని దీపము మినుకుమను దీపముకంటె ప్రమాదకరము.

పని మధ్యలో దీపము కనబడినచో వెంటనే ఇంజను ఆపవలెను. బండి సమతలముపై ఉండగా, కొన్ని నిమిషములాగి, గేజికడ్డీని తుడిచి ముంచి చూడవలెను. వాలుపై మాత్రమే వెలుగు దీపమునకు తఱచు ఆయిలు తగ్గుటయే కారణము. ఆయిలు పలుచనై డీజిలు వాసన వేయుచున్నచో లోపము నిజమైనదే, బండిని నడుపరాదు.

ఆయిలు సరిగానున్నచో, ఇంజను నడుపక తాళము మాత్రము త్రిప్పి, స్విచ్చినుండి తీగెను ఊడదీయవలెను. అప్పటికిని దీపము ఆరకున్నచో తీగె ఎచ్చటనో బాడీకి తగులుచున్నదని అర్థము. ఆరినచో తీగెను పొడవునా కదల్చి చూడవలెను. కుదుపులకు మాత్రమే వెలుగు దీపము రహస్యము సామాన్యముగా ఇచ్చటనే బయటపడును.

పరీక్ష ముగిసిన వెంటనే తీగెను తిరిగి తగిలింపవలెను. ఇంత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. ఒక గ్రామమున దీపము విసిగించుచున్నదని డ్రైవరు తీగెను ఊడబెరికి వదలివేసెను. నిజమునకు అప్పుడు చెడినది స్విచ్చి మాత్రమే. కొన్ని దినములకు ఫిల్టరు వద్ద ఆయిలు కారిపోయినది. హెచ్చరించుటకు దీపము లేకపోయినది. బేరింగులు పట్టివేసి, సరిగా నాట్ల అదనున ఆ బండి మూలబడెను.

తీగె బాగుగానున్నచో అనుమానము స్విచ్చిపైనను, ఒత్తిడిపైనను మిగులును. ఈ తగవు తీర్చునది ఒత్తిడి గేజి యొక్కటే. స్విచ్చిని విప్పి ఆ రంధ్రములో గేజిని బిగించి, ఇంజను చల్లగా నున్నప్పుడును, బాగుగా వేడెక్కిన పిదపను, నిదానముగను వేగముగను నడిపి చూడవలెను. కంపెనీ పుస్తకములోని అంకె కనబడుచున్నచో స్విచ్చిని మార్చిన చాలును. వేడెక్కినపుడు అంకె పడిపోవుచున్నచో పంపును, బేరింగులను చూపింపక తప్పదు.

2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకు పొగ నియమములు కఠినమైనవి. ఎలక్ట్రానిక్ ఇంజనుగల బండ్లలో ఇంజను బొమ్మ దీపము వెలిగినప్పుడు లోపపు సంఖ్య యొకటి నమోదగును. ఆ సంఖ్య ఏ సెన్సారు మార్గమున చిక్కు గలదో చెప్పునేకాని, సెన్సారే చెడినదని చెప్పదు. ప్లగ్గులో చేరిన నీరు, ఎలుక కొఱికిన తీగె కూడ అదే సంఖ్యను చూపవచ్చును. కావున సంఖ్యను వ్రాసికొనకముందు చెరిపివేయనీయరాదు.

మెకానిక్కును పిలుచునప్పుడు దీపము ఏ సమయమున, వాలుపైనా, కుదుపులోనా, వేడెక్కిన పిదపనా వెలుగుచున్నదో చెప్పి, ఒత్తిడి గేజిని వెంట తెమ్మని కోరవలెను.