గేరుబాక్సు పోయిందన్నారు, ముందు నూనె చూశారా?

మన పత్రికలో ఇంతవరకు నేను రాసిందంతా మిల్లు సంగతులే. ఈసారి కారు గేరుబాక్సు గురించి రాస్తున్నా. నూలు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషికి కారు సంగతి ఎందుకయ్యా అని నవ్వుతారేమో, నవ్వండి. నవ్వినాక మన లైన్లలో ఒకసారి లెక్క వేసుకోండి. మన కాలంలో ఇంటికొకరు మిల్లు షిఫ్టుకు పోయేవాళ్ళు. మిల్లులు మూతపడ్డాక మన పిల్లల చేతికి స్టీరింగు వచ్చింది. ఎయిర్‌పోర్టు ట్రిప్పులు, ఆఫీసు క్యాబులు, ఓనర్ల కార్లు. ఇప్పుడా కార్లలో ఆటోమేటిక్‌లు ఎక్కువవుతున్నాయి. క్లచ్ పెడలుండదు, గేరు దానంతట అదే పడుతుంది. సుఖమే. కానీ చెడిపోతే మాత్రం ఒక్క బిల్లుతో కూడబెట్టిందంతా ఊడ్చుకుపోతుంది. మా ఇంట్లో అది రెండుసార్లు జరగబోయింది. ఒకసారి జరిగింది, ఒకసారి తప్పింది.

ముందు తప్పిపోయింది చెప్తా. పెద్దల్లుడు అప్పు చేసి సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నాడు. ఒకరోజు రాత్రి వచ్చి, "మామా, కారు ఎత్తుకోవడం లేదు. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు" అన్నాడు. అప్పటికే ఒక గ్యారేజీకి పోయి వచ్చాడు. వాళ్ళు బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండా "గేరుబాక్సు పోయింది, లక్షా నలభై వేలు" అన్నారంట. మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మెళ్ళో గొలుసు తీసి బల్ల మీద పెట్టింది.

ఆ గొలుసు చూస్తే నాకు చిన్నోడు గుర్తొచ్చాడు. రెండేళ్ళ కింద వాడూ ఇదే మాట చెప్పాడు. "నాయనా, బండి జారుతున్నట్టుంది" అన్నాడు. "ఈ నెల కంతు కట్టేసి చూద్దాంలేరా" అన్నాను నేను. రెండు నెలలు అట్లాగే నడిపాడు. నెలమంగళ రోడ్డులో బండి నిలబడిపోయింది. విప్పి చూస్తే లోపల నూనె తారు మాదిరి నల్లగా ఉంది, మాడు కంపు. రిపేరు ఖర్చు చూసి బండినే అమ్మేశాం, వచ్చిన డబ్బు అప్పుకే చాల్లేదు. ఈరోజుకూ వాడు వేరేవాళ్ళ కారు జీతానికి తోలుతున్నాడు. ఆ "చూద్దాంలే" అన్న మాట నాదే.

అందుకే అల్లుడితో, "గొలుసు లోపల పెట్టమను. రేపు ట్రిప్పు వద్దు. ముందు మనం చూద్దాం" అన్నాను.

చేయి వేసే ముందు చూడడం

నేను స్పీడ్ ఫ్రేముల మీద ఏళ్ళ తరబడి పనిచేశాను. పోగు తెగుతోందని పిలిస్తే మా జాబరు వెంటనే స్పానర్ పట్టుకునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని పది నిమిషాలు నిలబడేవాడు. ఏ స్పిండిల్ దగ్గర తెగుతోంది, బాబిన్ ఖాళీగా ఉన్నప్పుడా నిండినప్పుడా, అన్నిటికీనా ఒక్కదానికేనా, ఇవి చూసేవాడు. "ఒక్క స్పిండిల్‌కి తెగితే ఆ స్పిండిల్ జబ్బు. ఫ్రేమంతా తెగితే అన్నిటికీ కలిసి వచ్చే దారి జబ్బు" అనేవాడు. గేరుబాక్సుకూ ఇదే లెక్క.

మరునాడు తెల్లారి బండి చల్లగా ఉన్నప్పుడే అల్లుడి పక్కన కూర్చున్నాను. నోటు పుస్తకంలో ఈ ప్రశ్నలు రాసుకున్నాం. బ్రేకు మీద కాలు పెట్టి డి లో వేస్తే ఎన్ని సెకన్లకు పట్టుకుంటోంది? ఆర్ లో వేస్తే? చల్లగా ఉన్నప్పుడు ఎట్లా, వేడెక్కాక ఎట్లా? సమతలంలోనా, ఎక్కులోనా, మలుపులోనా? ఇంజను చక్రాల ముల్లు పైకి పోతున్నా వేగం ముల్లు లేవడం లేదా? లేకపోతే గేరు మారేటప్పుడు ధడ్‌మని కొడుతోందా?

మా బండికి డి లోనూ ఆర్ లోనూ రెండింట్లోనూ ఆలస్యం ఉంది, పొద్దున మొదటిసారి మూడు సెకన్లు. ఎక్కులో, మలుపులో జారుతోంది. సమతలంలో బాగానే పోతోంది. ఒక్క గేరు జబ్బు కాదు, అన్నిటికీ కలిసి వచ్చే దారిలో ఏదో ఉందన్నమాట.

లోపల ఏముంటుంది

మిల్లు మనిషికి ఇది కొత్త కాదు. మా అల్లుడి కారులాంటి పాత పద్ధతి ఆటోమేటిక్‌లో క్లచ్ పళ్ళెం బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే దాని గాలికి రెండోది తిరుగుతుంది కదా, అట్లాగే. ఇక్కడ గాలి బదులు నూనె. దాని వెనక ఒక గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక. మన స్పీడ్ ఫ్రేము డిఫరెన్షియల్‌లోనూ అదే జాతి గేర్లు. ఆ గేర్లను పట్టుకుని వదిలేవి లోపలి క్లచ్చులు, వాటిని నొక్కేది నూనె ఒత్తిడి. కాబట్టి అక్కడ నూనె రాపిడికి మాత్రమే కాదు, అదే చేయి, అదే బలం. నూనె తగ్గితే చేయి పట్టు తప్పుతుంది. ఎక్కులో, మలుపులో నూనె ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది, అప్పుడు జారుతుంది.

పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సును పెద్ద ఎత్తున మొదట అమ్మింది అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ అనే పేరుతో.

రెండో రకం సి.వి.టి. దీన్ని చూస్తే స్పీడ్ ఫ్రేము కోన్ డ్రమ్ములు గుర్తొస్తాయి. బాబిన్ మీద పోగు వరస వరసగా చుట్టుకుని లావయ్యే కొద్దీ డ్రమ్ముల మీద బెల్టు కొంచెం కొంచెంగా జరిగేది, బాబిన్ వేగం తగ్గేది. ఫ్రేము ఆపే పని లేదు, గేరు మార్చే పని లేదు. సి.వి.టి.లోనూ అంతే. ఒక్కో పుల్లీ రెండు సగాలు దగ్గరకూ దూరంగానూ జరుగుతుంటే మధ్యలో ఉక్కు బెల్టు పైకీ కిందికీ పోతుంది. బెల్టు జారితే మనకు పోగు వదులయ్యేది, కారుకు బలం పోతుంది.

మూడోది ఎ.ఎం.టి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో చిన్న కార్లకు వచ్చింది. ఇది మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కేది, గేరు వేసేది మన కాలూ చేయీ కాకుండా ఒక యంత్రం. గేరు మారేటప్పుడు తల కొంచెం ఊగడం దాని స్వభావం, జబ్బు కాదు. కానీ మామూలు కారు లాగే క్లచ్ అరుగుతుంది. ఎక్కులో బ్రేకు తొక్కకుండా ఆక్సిలరేటర్ మీదనే బండిని నిలబెట్టేవాళ్ళకు తొందరగా అరుగుతుంది.

నాలుగోది రెండు క్లచ్చుల డి.సి.టి. ఒక క్లచ్ ఒకటి, మూడు, ఐదు గేర్లకు, ఇంకొకటి రెండు, నాలుగు, ఆరుకు. సిల్క్ బోర్డు జామ్‌లో పాకుతూ పోతుంటే కొన్ని బళ్ళలో ఇవి వేడెక్కుతాయి. వేడి హెచ్చరిక వస్తే మొండికేయకుండా పక్కన ఆపి చల్లారనివ్వాలి.

మీ కారు ఏ రకమో ముందు తెలుసుకోండి. ఒక రకానికి చెప్పిన వైద్యం ఇంకో రకానికి పనికిరాదు.

నూనె చెప్పే మాట

ఆ రాత్రి కారు కింద పాత పేపర్లు పరిచాం. ఖర్చు లేని పరీక్ష ఇది. పొద్దున చూస్తే ముందు వైపు రేడియేటర్ కింద ఎర్రటి చుక్కలు. నలుపైతే ఇంజనాయిల్. ఎరుపు, గులాబీ రంగుల్లో కూలెంట్ కూడా ఉంటుంది కాబట్టి వేలితో తాకి చూడాలి. కూలెంట్ నీళ్ళలా ఉంటుంది, నూనె జిడ్డుగా జారుతుంది. మాది జారింది.

తరవాత కళాసిపాళ్యం పక్క సందులో ఉండే ఒక ముసలి మేస్త్రి దగ్గరకు పోయాం. జె.సి. రోడ్డు స్పేరు పార్టుల షాపులవాళ్ళకు ఆయన తెలుసు. ఆయన చేసింది చూడండి. బండిని పావుగంట తిప్పి వేడి చేయించాడు. సమతలంలో నిలిపి, బ్రేకు తొక్కి, గేరు కడ్డీని ఒక్కో స్థానంలో ఆపుతూ తిప్పి పి లోకి తెచ్చాడు. ఇంజను ఆడుతుండగానే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూశాడు. కొన్ని కార్లకు ఇంజను ఆపి చూడాలి, కొన్నిటికి డిప్‌స్టిక్కే ఉండదు, కింద బోల్టు విప్పి చూడాలి. కారు పుస్తకంలో ఏముంటే అదే పద్ధతి.

నూనె గుర్తుకన్నా బాగా కింద ఉంది. తెల్ల గుడ్డ మీద రుద్దాడు. రంగు కొంచెం ముదిరింది గానీ ఎరుపే, మాడు వాసన లేదు, గుడ్డ మీద మెరిసే రజను లేదు. "క్లచ్చులు బతికే ఉన్నాయి సాబ్" అన్నాడు. ఆ మాటకు అల్లుడి ముఖం చూడాలి మీరు. చిన్నోడి కారు నూనె నలుపు. ఇదే గుడ్డ, ఇదే పరీక్ష రెండు నెలల ముందు చేసుంటే దాని కథ కూడా వేరుగా ఉండేది. నూనె పాలు కలిసిన గులాబీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. అప్పుడు బండి స్టార్ట్ చేయకూడదు.

కారిన చోటు దొరికింది. గేరుబాక్సు నుంచి రేడియేటర్‌కు చల్లబడడానికి పోయే రబ్బరు గొట్టం బీటలువారింది, క్లిప్పు వదులైంది. కొత్త గొట్టం, క్లిప్పులు, పుస్తకంలో రాసిన రకం నూనె, కూలీ అన్నీ కలిపి నాలుగు వేల ఏడు వందలు. వారం నడిపి మళ్ళీ చూశాం. ఆలస్యం లేదు, పేపరు మీద చుక్క లేదు.

విప్పే ముందు అడగాల్సినవి

అందరికీ ఇట్లాగే తక్కువలో పోతుందని నేను చెప్పడం లేదు. నూనె మాడి, రజను వచ్చిందంటే విప్పాల్సిందే. కానీ విప్పే ముందు గ్యారేజీలో ఈ నాలుగూ అడగండి.

1. నూనె మట్టం, రంగు, వాసన నా ముందు చూపిస్తారా? ఉత్త నూనె పోసి పంపించొద్దు, కారే చోటు కూడా చూపించాలి.

2. స్కానర్ పెట్టారా? కోడ్ ఏం వచ్చింది? పి0700 అంటే గేరుబాక్సు కంప్యూటర్ ఏదో ఫిర్యాదు చేసిందని మాత్రమే. పక్కనే ఇంకో కోడ్ ఉంటుంది. పి0715 అయితే లోపలికి వచ్చే వేగం కొలిచే సెన్సార్ దారి. కోడ్ వీధి పేరు చెప్తుంది, ఇంటి నంబరు చెప్పదు. సెన్సార్ చెడిందా, దాని వైరు తెగిందా అన్నది కొలిచి చూడాలి.

3. బ్యాటరీ, వైర్ల సాకెట్లు చూశారా? బండి ఒకే గేరులో ఇరుక్కుని కుంటుకుంటూ పోతుంటే అది చాలాసార్లు కంప్యూటర్ గేరుబాక్సును కాపాడే పద్ధతి. లోపల గేర్లు విరిగాయని కాదు.

4. ఇది ఇంజను జబ్బు కాదని ఎట్లా తెలుసు? ఇంజను ఒక సిలిండర్ మిస్సైతే కూడా బండి వణుకుతుంది. ఇంజను కింది రబ్బరు మౌంటు విరిగితే డి లో వేయగానే ధడ్‌మంటుంది.

బ్రేకు తొక్కి పట్టుకుని ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కే స్టాల్ టెస్టు అని ఒకటుంది. వీధిలో పిల్లలు ఆడుకునే చోట దాన్ని చేయొద్దు. తెలిసిన మేస్త్రి పనది, అదీ కొన్ని సెకన్లే. ఆటోమేటిక్ బండి నిలబడిపోతే తాడు కట్టి లాక్కుపోవద్దు. ఇంజను ఆగితే లోపల నూనె పంపు ఆగుతుంది, చక్రాలు తిరిగితే గేరుబాక్సు ఎండుగా తిరిగి కాలిపోతుంది. బండిని పూర్తిగా ఎత్తుకుపోయే లారీనే పిలవండి. బండి పూర్తిగా ఆగకముందే పి లో వేయొద్దు. వాలులో ముందు హ్యాండ్ బ్రేకు, తరవాత పి.

చిన్నోడు ఈ ఆదివారం వచ్చాడు. బావ కారు కింద పేపరు పరిచి చూస్తున్నాడు. "అప్పుడు మనకు ఈ సంగతి తెలీదులే నాయనా" అన్నాడు. నిజమే, తెలీదు. కానీ వాడు చెప్పిన పొద్దు దిగి చూడడానికి తెలివి అక్కర్లేదు, తీరిక చాలు. మీ పిల్లలు "బండి ఏదో తేడాగా ఉంది" అంటే ఆ పొద్దే దిగి చూడండి. కంతు తరవాత కట్టుకోవచ్చు.