మీట నొక్కినా కదలని కంప్యూటర్

డెస్క్‌టాప్ కంప్యూటర్ మీట నొక్కినప్పటి నుంచి తెర మీద విండోస్ కనిపించేదాకా పని ఒక వరుసలో జరుగుతుంది. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును ఎస్ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ వోల్టేజీలు కుదురుకున్నాక 'పవర్ గుడ్' సంకేతం మదర్‌బోర్డుకు పంపుతుంది. అది అందేదాకా ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. అందిన తర్వాత బయోస్ లేచి ర్యామ్, డిస్‌ప్లే, కీబోర్డు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, డిస్కులోని విండోస్‌ను పిలుస్తుంది. బండి ఈ వరుసలో ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా భాగాలు మార్చుకుంటూ పోవడం వల్లే రిపేరు ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఢిల్లీ నెహ్రూ ప్లేస్ రిపేరు కౌంటర్లలోనూ ముందు తేల్చేది అదే: పెట్టె పూర్తిగా 'డెడ్' అయిందా, ఫ్యాన్ తిరుగుతున్నా 'నో డిస్‌ప్లే'నా, లేక తెర వెలిగాక బూట్ కావట్లేదా?

మొదటి రకంలో ఫ్యాను తిరగదు, లైటు వెలగదు. అలాంటప్పుడు పెట్టె విప్పకముందే గోడ దగ్గర మొదలుపెట్టాలి. అదే సాకెట్లో ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే కరెంటు ఉందో లేదో తేలిపోతుంది. స్పైక్ గార్డు స్విచ్చి, పెట్టె వెనక ఎస్ఎంపీఎస్‌కు ఉండే చిన్న స్విచ్చి కూడా చూడాలి. ఇల్లు తుడిచేటప్పుడు చెయ్యి తగిలి అవి ఆఫ్ అవుతుంటాయి.

తర్వాత అనుమానించాల్సింది యూపీఎస్‌ని. నోయిడా, గురుగ్రామ్ అపార్టుమెంట్లలో కరెంటు పోతే డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కాస్త వ్యవధినీ మొయ్యాల్సింది యూపీఎస్ లోపలి 12 వోల్టుల బ్యాటరీయే. అది సాధారణంగా రెండు మూడేళ్లకు నీరసపడుతుంది. అప్పుడు గోడలో కరెంటు ఉన్నా కొన్ని యూపీఎస్‌లు ఆన్ కావు, నింద కంప్యూటర్ మీద పడుతుంది. కేబుల్ తీసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడటానికి నిమిషం చాలు. పాత ఎస్ఎంపీఎస్‌ల వెనక 115, 230 అని రాసిన ఎర్ర మీట ఒకటి ఉంటుంది. అది 115 మీద ఉండగా మన కరెంటు ఇస్తే పెద్ద చప్పుడుతో లోపలి భాగాలు పేలిపోతాయి.

కరెంటు పెట్టెదాకా వస్తోందని తేలితే పక్క మూత తీయాలి. చాలా మదర్‌బోర్డుల మీద స్టాండ్‌బై లైటు ఒకటి ఉంటుంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ఎస్ఎంపీఎస్ 5 వోల్టులు పంపుతోందనడానికి అదే గుర్తు. లైటు వెలుగుతూ మీటకు స్పందన లేకపోతే తప్పు మీటదే కావచ్చు. దాని తీగలు బోర్డు అంచున రెండు పిన్నులకు తగిలించి ఉంటాయి. తీగలు తీసి ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపి చూడాలి. బండి స్టార్ట్ అయితే బోర్డు బాగుంది, మీట పాడైందన్నమాట.

లైటే వెలగకపోతే ప్లగ్ తీసి, మీటను పదిహేను సెకన్లు నొక్కిపట్టి, మిగిలిన చార్జి పోయాక మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఎస్ఎంపీఎస్‌ను విడిగా పరీక్షిస్తారు. బోర్డు నుంచి తీసిన 24 పిన్నుల కనెక్టర్లో ఆకుపచ్చ తీగను పక్కనున్న నల్ల తీగతో చిన్న వైరు ముక్కతో కలుపుతారు. ఫ్యాన్ తిరిగితే ప్రాణం ఉన్నట్టు. కొత్త మోడళ్లలో తీగలన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి ఆకుపచ్చకు బదులు 16వ పిన్ను లెక్కపెట్టుకోవాలి. అయితే ఫ్యాన్ తిరగడం పూర్తి భరోసా కాదు. లోడు పడినప్పుడు మల్టీమీటర్లో 12 వోల్టుల లైను 11.4 కంటే దిగకూడదు, 5 వోల్టులది 4.75 కంటే దిగకూడదు. ఇంకో మాట: ఎస్ఎంపీఎస్ మూత ఇంట్లో విప్పకూడదు. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

కొన్ని పెట్టెలు ఒక్క క్షణం తిరిగి టక్కున ఆగుతాయి. ఎక్కడో షార్ట్ ఉందని ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. పాత హార్డ్ డిస్కు, వంగిన ముందరి యూఎస్‌బీ పోర్టు, బోర్డు కింద జారిపడ్డ స్క్రూ, ఏదైనా కారణం కావచ్చు. బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్ తప్ప అన్నీ పీకేసి, ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ పోతే దొంగ దొరుకుతుంది.

ఢిల్లీలో రుతువుకో జబ్బు. ఏప్రిల్, మే నెలల్లో లూ గాడ్పులు, ఆంధీ తుపాన్లు తెచ్చే సన్నని దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య గడ్డకడుతుంది. బయట 45 డిగ్రీలు దాటిన రోజుల్లో ఆ దుమ్మే దుప్పటవుతుంది. ప్రాసెసర్ వేడెక్కి, స్టార్ట్ అయిన కాసేపటికే కంప్యూటర్ ఆగిపోతుంది. ఆ పొడి వాతావరణంలో ఒంటి మీది స్టాటిక్ చార్జి కూడా ర్యామ్‌ను చంపగలదు కాబట్టి, ముందు పెట్టె ఇనుప చట్రాన్ని తాకి ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి. జూన్ చివర వానలు దిగాక పేరుకున్న దుమ్మే తేమ పీల్చుకుంటుంది, కాంటాక్టులకు చిలుము పడుతుంది. జనవరి చలికి పాత కెపాసిటర్ల శక్తి తగ్గుతుంది. పొద్దున రెండు మూడుసార్లు నొక్కితేగానీ లేవని కంప్యూటర్, మధ్యాహ్నం ఒక్కసారికే లేస్తుంటే ముసలి ఎస్ఎంపీఎస్‌నే అనుమానించాలి. బోర్డు మీద పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు కంటికే కనిపిస్తాయి.

రెండో రకంలో ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లో మానిటర్ కేబుల్ బోర్డు పోర్టుకు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. కేబుల్ సరిగానే ఉంటే చూడాల్సింది ర్యామ్. కరెంటు తీసి, స్టిక్కు బయటికి లాగి, బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, తిరిగి స్లాట్‌లో పెట్టి రెండు చివరలూ టక్కుమనేదాకా నొక్కాలి. దుకాణాల్లో 'నో డిస్‌ప్లే' అనగానే ముందు చేసేదీ ఇదే. ఇది తెలిసినవాళ్లు దుకాణం మెట్లెక్కకుండానే గట్టెక్కుతుంటారు. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి.

బోర్డు తన బాధ తానే చెప్పుకునే ఏర్పాటు కూడా ఉంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నుంచీ స్పీకర్ బీప్‌లతో తప్పు చెప్పే పద్ధతి నడుస్తోంది. అవార్డ్ బయోస్‌లో ఒక పొడవైన బీప్, రెండు పొట్టివి వస్తే తప్పు డిస్‌ప్లే కార్డుది. ఇప్పటి బోర్డులు చాలావరకు బీప్‌లకు బదులు సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసిన నాలుగు బుల్లి లైట్లు పెడుతున్నాయి. ఏది ఆరకుండా నిలిచిందో అక్కడే చిక్కు. కొత్త డీడీఆర్5 ర్యామ్ పెట్టిన మొదటిసారి కొన్ని నిమిషాలపాటు తెర నల్లగా ఉండటం మామూలే, మధ్యలో కరెంటు తీయకూడదు.

రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీరిపోతే తేదీ, టైము వెనక్కి పోతాయి, కొన్ని బోర్డులు అసలు లేవవు. కొత్తది వేస్తే చాలు. అయితే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి కాబట్టి బూట్ పద్ధతి మారిపోయి, బాగున్న విండోస్ కూడా కనబడకపోవచ్చు.

ఇదే మూడో రకానికి దారి. బూట్ డివైస్ లేదని సందేశం వస్తే ముందు తగిలించి మరిచిపోయిన పెన్‌డ్రైవ్ తీసేయాలి. తర్వాత బయోస్‌లో డిస్కు పేరు ఉందేమో చూడాలి. పేరు లేకపోతే సాటా కేబుల్, లేదా డిస్కే పోయినట్టు. పేరు ఉంటే చిక్కు విండోస్‌లోనిది. అప్డేట్ మధ్యలో కరెంటు పోయినప్పుడు ఇలా అవుతుంటుంది, రెండు మూడుసార్లు లేవడంలో విఫలమైతే రిపేరు తెర దానంతటదే వస్తుంది. హార్డ్ డిస్కు టిక్ టిక్ మంటుంటే మాత్రం ప్రయోగాలు ఆపేయాలి. ఆన్ చేసిన ప్రతిసారీ దాని మీది ఫొటోలకు ముప్పు పెరుగుతుంది. ఫార్మాట్ చేయమని దుకాణంవాళ్లు అన్నా, డేటా వేరే డిస్కులోకి తీయించాకే ఒప్పుకోవాలి.

ఇంటి పరీక్షలన్నీ అయ్యాక మిగిలేది మదర్‌బోర్డు లేదా ప్రాసెసర్. దానికి మెట్రో వయొలెట్ లైన్‌లో నెహ్రూ ప్లేస్ స్టేషన్లో దిగడమే మంచిది. బాగున్న ఎస్ఎంపీఎస్, ర్యామ్ పెట్టి కళ్లెదుటే పరీక్షించే దుకాణాన్నే ఎంచుకోవాలి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోవాలి. పాత తరం బోర్డులు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి కాబట్టి ఎన్నాళ్ల వారంటీ ఇస్తారో బిల్లు మీదే రాయించుకోవాలి.

ఇక పనికిరాదని తేలిన బోర్డును పాతసామాన్లవాడి చేతిలో పెడితే అది ఈశాన్య ఢిల్లీ సీలంపూర్‌కు చేరే అవకాశం ఎక్కువ. అక్కడ చిన్న చిన్న కొట్లలో, చేతులకు తొడుగైనా లేకుండా బోర్డులు విప్పుతారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది. కాబట్టి పాత పెట్టెను రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే ఇవ్వాలి, అదీ లోపలి డిస్కు తీసి దగ్గర పెట్టుకున్న తర్వాతే.